ఓనరమ్మకి రాసిన సన్మాన పత్రం

రండి, అలా గుమ్మంలో నిలబడిపోతారేం, ఇలా చాప మీదకి వచ్చి నా పక్కన కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా ఏమీ అనుకోను, నావీ చాపుకునే ఉన్నాయి. ఇప్పుడు మనిషికి మనిషి మీద కోపం వచ్చినా, తప్పయిందని చెప్పాల్సి వచ్చినా, ఫోనులో నాలుగు ముక్కలు నొక్కి పంపించేస్తున్నారు. బాగానే ఉంది, కాదనను. కానీ ఆ రోజుల్లో మా వాళ్ళు ‘తప్పయిందమ్మా’ అనే రెండు ముక్కలు చెప్పడానికి పకోడీలు వేయించుకుని కూర్చుని, కథ అనుకుని, సీన్లు వేసుకుని, రాసింది కొట్టేసి మళ్ళీ రాసి, నలుగురికి వినిపించి, ఆఖరికి జరీ అంచు కుట్టి మరీ చెప్పారు. చెప్పారో లేదో మీరే తేల్చండి. నాకు చదువు ఆరో తరగతితో ఆగిపోయింది గానీ, విన్న మాట మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

మద్రాసు నుంచి సినిమా సామాను సర్దుకుని మెల్లమెల్లగా హైదరాబాదు వస్తున్న కాలం అది. పైన జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి మేడలు కడుతుంటే, ఫిల్మ్‌నగర్ గుట్ట దిగువన వరసగా ఉన్న రేకుల పోర్షన్లలో మాలాంటి వాళ్ళం ఉండేవాళ్ళం. మా ఆయన కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటు. రాజుకీ బంటుకీ బట్టలు తొడిగి, తను మాత్రం చిరిగిన బనీనుతో తిరిగే రకం. మా పక్క పోర్షన్లో డైలాగు బాబాయి. గుంటూరు వైపు మనిషి, ఓ పెద్ద రచయిత దగ్గర అసిస్టెంటు. ఆయన రాసిన మాటలు తెర మీద చాలా వినిపించేవి, పేరు మాత్రం ఇంకా కనిపించలేదు. ఆ పక్కన కన్నీళ్ళక్క. గుంపులో ఏడ్చే వేషాలకి ఆవిడే కావాలనేవారు. శవం లేచినా, పెళ్ళికూతురు బండెక్కినా, ఊరికి వరదొచ్చినా వెనక వరసలో కొంగు నోట్లో కుక్కుకుని ఆవిడ ఉండాల్సిందే. గ్లిజరిన్ అక్కర్లేదు, ‘యాక్షన్’ అంటే చాలు, ధారాపాతం.

ఇక వీళ్ళందరి మీదా ఓనరమ్మ. ఆవిడ ఇక్కడి మనిషే. పోర్షన్లన్నీ ఆవిడవే. నోరు కాస్త పెద్దదే గానీ, పురిటికెళ్ళి నేను చంటిదాన్ని ఎత్తుకుని తిరిగొచ్చిన రోజు నుంచీ దానికి నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది ఆవిడే. (నేను పోస్తే అది ఊరంతా వినపడేలా ఏడ్చేది. ఆవిడ పోస్తే ఆవలించేది.) ఊరుగాని ఊళ్ళో నాకు పుట్టింటి మనిషిలా దొరికిందావిడ.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా మా ఆయన ఓ ఘనకార్యం చేశారు. ఏదో యుద్ధం సీనులో సైనికులందర్నీ బురదలో దొర్లించారట. ఆ బట్టలే మర్నాడు పొద్దున్నే మళ్ళీ కావాలి, ఉతికేవాడేమో రాలేదు. ఈయన మూటలన్నీ ఇంటికి తెచ్చి, సంపులో ఉన్న నీళ్ళన్నీ తోడేసి ఉతికేశారు. ఎర్రనీళ్ళు వాకిలంతా పారి ఓనరమ్మ తులసికోట చుట్టూ నిలిచాయి. ఆవిడ ఏదో పెళ్ళికెళ్ళి చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి, వాళ్ళు కాళ్ళు కడుక్కోడానికి ఇంట్లో చెంబుడు నీళ్ళు లేవు. దండేల మీద మాత్రం ఓ పటాలం ఆరుతోంది.

‘‘మంది ముంగట నా ఇజ్జత్ దీసిండ్రు. నెల ఒడిసేలోపు ఖాళీ జెయ్యుండ్రి. ఇగ నాతోని మాట్లాడకుండ్రి,’’ అని తలుపేసుకుంది. మా ఆయన రెండుసార్లు వెళ్ళి తలుపు కొట్టారు. ‘‘ఎవలు?’’ అని లోపలినుంచి అడిగేది. ఈయన ‘‘నేనేనండీ’’ అనగానే మళ్ళీ చప్పుడుండేది కాదు. నాకన్నిటికంటే కష్టమైంది ఏంటంటే, ఆవిడ పొద్దున్నే చంటిదాని కోసం రావడం మానేసింది. నేను ఏడుస్తూ కూర్చుంటే (కన్నీళ్ళక్క కూడా పక్కన కూర్చుని నాకంటే బాగా ఏడ్చింది) డైలాగు బాబాయి చుట్ట వెలిగించుకుని గడపలో నిలబడ్డారు.

‘‘క్షమాపణ అడిగితే చిన్న సీను అయిపోతుందమ్మాయ్. ఆవిడ కాదంటే ఇక తర్వాత సీను లేదు. సన్మానం చేద్దాం. ఈ నెలలోనే వచ్చే ఉగాదికి వాకిట్లో పందిరేసి, కుర్చీలో కూర్చోబెట్టి, సన్మాన పత్రం చదివి, శాలువా కప్పేద్దాం. శాలువా కప్పించుకున్న మనిషి ఎవర్నైనా ఖాళీ చేయమనగలదా? ప్రపంచంలో ఎక్కడన్నా జరిగిందా?’’

నిజమే కదా అనిపించింది మాకు. ఆ వయసులో ఎవరు గట్టిగా చెబితే అదే నిజం.

మర్నాటి నుంచి మా ముందుగదిలో సిట్టింగులు మొదలయ్యాయి. సిట్టింగంటే కూర్చోవడమే. రాయడం కాదు, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. బాబాయి గోడకానుకుని కళ్ళు మూసుకునేవారు. మా ఆయన ఎదురుగా నోట్లో గుండీ పెట్టుకుని కూర్చునేవారు (ఏదో ఒకటి కుట్టకపోతే ఆయనకి ఆలోచన సాగదు). నేను టీలు పెట్టేదాన్ని. ‘‘పకోడీలో ఉల్లిపాయ తక్కువైంది,’’ అనేవారు బాబాయి కళ్ళు తెరవకుండానే. ‘‘లైను దొరికిందా బాబాయిగారూ?’’ అని అడిగితే, ‘‘వస్తోంది, గుట్టెక్కుతోంది,’’ అనేవారు. అలా చాలా రోజులు అది గుట్టెక్కుతూనే ఉంది.

మొదట రాసింది వినిపించినప్పుడు నాకు చెమట్లు పట్టాయి. ‘‘హే కరుణార్ద్రహృదయే, నిఖిలగృహాశ్రయప్రదాయినీ’’ అని మొదలుపెట్టారు. చదవాల్సింది నేను. ‘రచయిత తెర వెనకే ఉండాలమ్మా, చంటిపిల్ల తల్లి చదివితే సానుభూతి వేరు’ అని ముందే తేల్చేశారు. నేను రెండు మాటల దగ్గరే దగ్గు తెచ్చుకుని, ‘‘నాకు నోరు తిరగట్లేదండీ బాబాయిగారూ. ఆవిడ కూడా తనని తిడుతున్నామనుకుంటుందేమో,’’ అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. కాగితం ఉండచుట్టి, ‘‘కరెక్టు. ఆడియన్సు ఎవరో మర్చిపోయాను. మాస్!’’ అన్నారు.

రెండోసారి మాసే రాశారు. అమ్మ పొద్దున్నే లేవడం, వాకిలి ఊడవడం, చంటిపిల్లకి నీళ్ళు పోయడం. బాగుందండీ, ఇది చాలండీ అన్నాను. బాబాయి మాత్రం తల అడ్డంగా ఊపారు. ‘‘మంచిది మంచిది అంటే ఎంతసేపు వింటారు? మంచితనానికి ఎదురుగా ఓ చెడ్డవాడు నిలబడాలి. విలన్ లేడు దీంట్లో.’’

‘‘నేనున్నానుగా, నీళ్ళు పారబోసినవాణ్ణి,’’ అన్నారు మా ఆయన పాపం, గుండీ తీసి.

‘‘నువ్వు కామెడీవిరా. విలనంటే వేరు.’’ బాబాయి లేచి గది నాలుగు మూలలా తిరిగి, చటుక్కున ఆగారు. ‘‘అవునూ, ఈవిడ మొగుడేడీ?’’

మేం ముఖాలు చూసుకున్నాం. మెడలో పుస్తెలున్నాయి, నుదుట రూపాయంత బొట్టుంది. కానీ మొగుణ్ణి మేమెవ్వరం చూడలేదు. అప్పుడప్పుడు ‘ఊరికి వోయొస్త’ అని వెళ్ళేది, ఎందుకని ఎవరూ అడగలేదు.

‘‘చూశారా, కథ దానంతటదే వచ్చి ఒళ్ళో కూర్చుంది! తాగుబోతు. కొట్టేవాడు. వదిలేసి పోయాడు. ఆ తల్లి ఒంటరిగా రాళ్ళు మోసి ఈ ఇల్లు కట్టింది. ఫ్లాష్‌బ్యాక్!’’

‘‘ఒక్కసారి ఆవిణ్ణి కనుక్కుంటే...’’ అన్నాను.

‘‘కనుక్కుంటే సస్పెన్సు పోదూ?’’ అన్నారు. అక్కడికీ ఆయన జాగ్రత్తపరుడే, సొంత తెలివిని నమ్ముకోకుండా జనం మీద పరీక్ష చేద్దామని కన్నీళ్ళక్కని పిలిపించి వినిపించారు. ‘‘కట్టుకున్నవాడు’’ అనే మాట దగ్గరే అక్క బావురుమంది. కొంగు తడిసిపోయింది. బాబాయి మావైపు చూసి కళ్ళెగరేశారు. రైలు ఆలస్యమైందని చెప్పినా ఆవిడ అలాగే ఏడుస్తుందన్న సంగతి ఆ క్షణంలో మాకెవరికీ గుర్తు రాలేదు. పత్రం ఓకే అయిపోయింది. బాబాయి గుండ్రటి అక్షరాలతో శుద్ధప్రతి రాశారు, మా ఆయన దాన్ని అట్టకి అంటించి రాణీవేషం చీరలో మిగిలిన జరీ అంచు చుట్టూ కుట్టారు. ఇక నాకు రిహార్సళ్ళు. బాబాయి ఓ ముక్క అందించడం, నేను ఆ ముక్క గట్టిగా అనడం. ఆయన పొడిదగ్గు దగ్గితే అక్కడ నిట్టూర్చాలి. చంటిదానికి పాలిస్తూ కూడా అదే వల్లించేదాన్ని.

ఉగాది రానే వచ్చింది. పందిరేశాం. సెట్టులోంచి ఓ సింహాసనం అడిగి తెచ్చారు మా ఆయన (వెనక్కి వాలకూడదు, వాలితే వీపు ఊడొస్తుంది). కుర్చీ వెనక నా ఊదారంగు చీర తెరలా కట్టి, దాని వెనక బాబాయి నిలబడ్డారు. కన్నీళ్ళక్క నాలుగు రోజుల ముందే వెళ్ళి ఎలా చెప్పిందో గానీ, ఓనరమ్మ కొత్త చీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని బయటికొచ్చింది. నావైపు చూడలేదు, కానీ పక్కనున్న మనిషిని మాత్రం అందరికీ చూపించింది. బక్కగా, తెల్ల ధోవతి, తెల్ల మీసాలు, చేతిలో వంకాయల సంచి.

‘‘గీయన మా ఆయన. ఊర్ల పొలం, ఎవుసం ఇడిసిపెట్టి కదలడు. నాకు శాలువ గప్పుతరంట, నువ్వు లేకుంటెట్ల అని కబురు వెట్టి పిలిపిచ్చిన.’’

ఆయన నా చేతిలో చంటిదాన్ని చూసి, ‘‘గీమెనేనా నీ దోస్తు?’’ అని పెళ్ళాన్ని అడిగి, దాని బుగ్గ మీద మెల్లగా వేలు పెట్టారు. ఆ వేలికి మట్టి మచ్చలున్నాయి. చెడ్డవాడి వేలు కాదది. నేను బాబాయి ఉన్న తెర వైపు తిరిగి చూశాను.

అయినా మొదలుపెట్టాను. మొదటి ముక్కలు బాగానే గడిచాయి. ‘‘తెల్లవారకముందే లేచే తల్లీ’’ అంటే ఓనరమ్మ తల వంచుకుంది. ‘‘ఊరివారి బిడ్డలకు నీళ్ళు పోసే తల్లీ’’ అంటే పక్కకి తిరిగి ముక్కు చీదింది. పనైపోయిందనుకున్నాను. ఆపైన, ‘‘ఇంతటి తల్లికి కట్టుకున్నవాడు...’’ అన్నాను, ఆగిపోయాను. ఆ మాట వినగానే కన్నీళ్ళక్క అలవాటు ప్రకారం ఘొల్లుమంది. ఆ వంకాయల సంచీ పెద్దాయన తనని పొగడబోతున్నారనుకుని మీసం సవరించుకుని సర్దుకున్నారు.

తెర వెనకనుంచి బాబాయి గొంతు వణుకుతూ వినపడింది. ‘‘ఒదిలెయ్... ఒదిలెయ్...’’

అన్ని రోజులు ఆయన ఏదందిస్తే అది అనడమే కదా నా పని. ‘‘కట్టుకున్నవాడు, ఒదిలెయ్, ఒదిలెయ్!’’ అన్నాను కంఠమెత్తి.

‘‘అది కాదమ్మాయ్, కింద పేరా!’’

‘‘అది కాదమ్మాయ్, కింద పేరా!’’

‘‘ఓరి దేవుడా, నన్ను చంపకు!’’

‘‘ఓరి దేవుడా, నన్ను చంపకు!’’ అని, ఇక్కడ పొడిదగ్గు కూడా వినపడితే పద్ధతిగా నిట్టూర్చాను.

పందిట్లో జనం గొల్లుమన్నారు. ‘‘ఏం జదువుతున్నవే పిల్లా? ఎవలు సంపుతున్నరు నిన్ను?’’ అంది ఓనరమ్మ కంగారుగా. పెద్దాయన లేచి, ‘‘పాపం, పిల్ల భయపడ్డది. ఇటియ్యి బిడ్డా, నేను జదువుత,’’ అని నా చేతిలోంచి అట్ట తీసుకున్నారు. ఊళ్ళో భజనల్లో పుస్తకం పట్టేది ఆయనేనట. కళ్ళజోడు పెట్టుకుని, కాస్త దూరంగా పట్టుకుని, భజన రాగంలోనే అందుకున్నారు. ‘‘కట్టుకున్నవాడు కల్లుపాకకే అంకితమై, చేతికందిన చెంబుతో మోది, నిండు చూలాలిని నడివీధిన వదిలి, పరారీ అయిన పాపాత్ముడు...’’ అని తాళం కూడా వేశారు. ‘పాపాత్ముడు’ దగ్గర రాగం బాగా తీశారు. తీసి, ఆగి, కళ్ళజోడు మీదుగా చూశారు.

పందిట్లో అక్క ఇంకా ఏడుస్తూనే ఉంది.

‘‘గీ తాగుబోతోడు ఎవడే?’’ అంది ఓనరమ్మ.

‘‘నేనే గదనే. నీకు ఇంకెవడున్నడు?’’ అన్నారాయన.

ఆవిడ లేచిన తీరుకి సింహాసనం వీపు ఊడి వెనక్కి పడింది. తెర కూడా దాంతోపాటే వచ్చేసింది. చుట్ట చేత్తో పట్టుకుని బాబాయి నిలువునా బయటపడ్డారు. ‘‘మజ్జిగ పులిస్తెనే తాగడు మా ఆయన! గాయన్ని గింత మాటంటరా? నెల గిల ఏం లేదు, రేపు పొద్దుగాల్ల నా ఇంట్ల ఒక్కరుండొద్దు!’’ అని నావైపు తిరిగింది. ‘‘నువ్వు గుడ! నీ బిడ్డను నా కాళ్ళ మీద వేసుకున్నగదే, నువ్వు గుడ జదివినవా?’’

ఇప్పుడు నాకు మాట అందించేవాళ్ళు లేరు. చంటిదాన్ని గుండెకి అదుముకుని నిలబడ్డాను.

అప్పుడు పెద్దాయన అట్ట వెనక్కి తిప్పి చూశారు. మళ్ళీ ముందుకి తిప్పి చూశారు. ‘‘జర ఊకోయే. ఇగో, నిన్నే, చుట్ట సారూ. గిది నువ్వే రాసినవా?’’

బాబాయి తలూపారు.

‘‘మరి నేను పరారైనంక యాడికి వోయిన?’’

‘‘ఆఁ?’’ అన్నారు బాబాయి.

‘‘ఆమెను ఇడిసిపెట్టి వోయిన గద. వోయి ఏమైన? సచ్చిన్నా, బతికిన్నా? గిట్ల నడుమల ఇడిసిపెడితివి. మల్ల రాలేదా నేను?’’

నేను బాబాయి ముఖం చూశాను. ఎన్నో ఏళ్ళుగా పెద్ద పెద్ద మనుషుల ముందు కథ చెబుతుంటే ఆవలింతలు చూసిన మనిషాయన. ‘తర్వాత ఏమైంది’ అని అడిగినవాళ్ళు లేరని మా ఆయనతో ఎన్నిసార్లో అనడం విన్నాను. చుట్ట కింద పడేసి, చొక్కా సర్దుకుని, రెండడుగులు ముందుకొచ్చారు.

‘‘వచ్చావయ్యా! రాకుండా ఎలా ఉంటావు? కానీ ఊరికే వచ్చావా?’’ అని మొదలుపెట్టారు. ఆ పెద్దాయన రైలెక్కడం, పరాయి ఊళ్ళో జ్వరమొచ్చి పడిపోవడం, ఓ ముసలమ్మ గంజి పోసి ‘నీకెవరూ లేరా నాయనా’ అంటే పెళ్ళాం గుర్తొచ్చి గోడకి తల కొట్టుకోవడం. ‘‘కొట్టుకోవాలె, కొట్టుకోవాలె,’’ అని పెద్దాయన తలూపారు. ఓనరమ్మ నిలబడే ఉంది, ముఖం అటు తిప్పుకుని. బాబాయి ఆ మనిషిని కూలిపని చేయించారు, తాగుడు మాన్పించారు, ఊరూరా పెళ్ళాం కోసం తిప్పారు. ఎక్కడా దొరకదు. ఓనరమ్మ మెల్లగా ఓ స్టూలు లాక్కుని కూర్చుంది. ‘‘ఇల్లు గుర్తు లేదా గాయనకు?’’ అని గొణిగింది.

‘‘ఎలా గుర్తుంటుందమ్మా? అప్పుడు అక్కడ గుట్టే కదా! ఇల్లు ఆ తర్వాత కదా మీరు కట్టింది! ఎండలో ఈ గల్లీ చివర స్పృహ తప్పి పడిపోతాడు. ఎవరూ పట్టించుకోరు. అప్పుడు...’’ అని బాబాయి చెయ్యెత్తి నావైపు చూపించారు. ‘‘చంకలో చంటిపిల్లతో ఈ అమ్మాయి వస్తుంది. ముఖాన నీళ్ళు చల్లి, ఎవరింటికి పెద్దాయనా అంటుంది. ఆయన పెళ్ళాం పేరు చెబుతాడు. అయ్యో, మా ఓనరమ్మేనండీ, రండి అని చెయ్యి పట్టుకుని గేటు తీసి...’’

అక్కడ ఆపేశారు. ఆపడం ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

‘‘తీసి?’’ అంది ఓనరమ్మ.

‘‘తీయడానికి ఆ అమ్మాయి ఉండాలి కదమ్మా. రేపు పొద్దున్నే ఖాళీ చేసేస్తుందిగా.’’

ఓనరమ్మ బాబాయిని చూసింది, మొగుణ్ణి చూసింది. ఆయన తెల్ల మీసాల కింద నవ్వాపుకుంటూ, ‘‘గా పిల్ల లేకుంటే నేను గల్లీలనే పడి ఉండాల్నా?’’ అన్నారు. ‘‘ఎండల?’’

‘‘ఎండలోనే,’’ అన్నారు బాబాయి నిర్దాక్షిణ్యంగా.

ఆవిడ లేచొచ్చి నా చేతిలోంచి చంటిదాన్ని గబుక్కున లాక్కుంది. ‘‘ఎట్ల వట్టినవే, మెడ వాలిపోతుంది జూడు. నూనె వెట్టి ఎన్ని దినాలైంది దీనికి?’’ అని తిట్టి, బాబాయివైపు తిరిగి, ‘‘ఉండనియ్యి మరి. గేటు దీసినంక ఏమైతదో చెప్పు,’’ అంది.

శాలువా సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ కథ మధ్యాహ్నం దాకా సాగింది. వంకాయలు ఇక్కడే వండుకుని అందరం కలిసి తిన్నాం. ఆ తర్వాత ఆ ఇంట్లో మేం చాలా ఏళ్ళున్నాం.

ఓనరమ్మ ఇప్పుడు లేదు, ఆయనా లేరు. గుట్ట దిగువన అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. నాకు మాత్రం ఓ జబ్బు పట్టుకుంది. ఏదైనా ఉన్నదున్నట్టు చెప్పలేను. కూర మాడిందని చెప్పాలన్నా ముందు ఓ ఫ్లాష్‌బ్యాక్ వేస్తాను. మా మనవరాలు అడ్డం వచ్చి, ‘‘అమ్మమ్మా, పోయినసారి చెప్పినప్పుడు ఆయన జొన్నరొట్టెలు తెచ్చాడన్నావు, ఇప్పుడు వంకాయలంటావేంటి?’’ అని నిలదీస్తుంది. వంకాయలో రొట్టెలో, ఏది నిజమో నాకూ ఇప్పుడు తెలియదమ్మా. ఏది చెప్పినప్పుడు నువ్వు ఎక్కువసేపు కూర్చున్నావో అదే చెబుతున్నాను అంటాను. అది నవ్వి ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నా అలా చెబుతూనే ఉంటాను.

సరే, పొద్దుపోతోంది, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద అన్నం ఎప్పుడూ నలుగురికి మిగిలేలా ఉడకాలి. మీ ఇంట్లో అలిగిన వాళ్ళు అన్నం వేళకి అలక మర్చిపోవాలి. మీరు చెప్పే మాట వినడానికి, మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ తీరిగ్గా కూర్చుని ఉండాలి.